ఒకరు మొదలుపెట్టి, ఇంకొకరు పూర్తిచేసి

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కట్టిందెవరు? నలుగురు కూర్చున్న చోట ఈ ప్రశ్న వేస్తే చాలు. టీ కొట్టు ముందైనా, పెళ్లి భోజనాల దగ్గరైనా, కలిసి చదువుకున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులోనైనా కాసేపట్లో రెండు జట్లు తయారవుతాయి. చంద్రబాబు అంటుంది ఒక జట్టు. వైఎస్ అంటుంది రెండోది. అసలు ఆలోచన ఎవరిదని ఒకరు నిలదీస్తే, శంకుస్థాపన ఎవరి హయాంలో జరిగిందని ఇంకొకరు ఎదురడుగుతారు. మాట అక్కడినుంచి ఔటర్ రింగు రోడ్డు మీదికి, మెట్రో మీదికి మళ్లుతుంది. గొంతులు పెరుగుతాయి. పక్కనున్న పెద్దమనిషి ఎవరో ‘ఇక పోనివ్వండి’ అనేదాకా ఆగదు. విమానాలు తిరగడం మొదలై పదిహేడేళ్లు దాటినా ఈ పంచాయితీ తెగలేదు. ప్రతి ఎన్నికకూ మళ్లీ కొత్తగా మొదలవుతూనే ఉంది.

ఈ వాదనలో ఇద్దరు చెప్పేదీ నిజమే. ఇద్దరూ చెప్పకుండా వదిలేసేదే మనం తలచుకోవలసింది.

కొత్త విమానాశ్రయం కావాలన్న ఆలోచన 1990ల చివర్లో తెలుగుదేశం ప్రభుత్వ కాలంలో రూపు దిద్దుకుంది. బేగంపేట అప్పటికే నగరం నడిబొడ్డున ఇరుక్కుపోయింది. స్థలం కోసం బొంగుళూరు, నాదర్‌గుల్, శంషాబాద్ పరిశీలనకు వచ్చాయి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని నిర్ణయించి జీఎంఆర్, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థల కూటమిని ఎంపిక చేశారు. 2002 డిసెంబరులో కంపెనీ ఏర్పడింది. 2003లో రాష్ట్ర ప్రభుత్వం భూమి లీజు ఒప్పందం, మద్దతు ఒప్పందం చేసుకుంది. అంతలో 2004 మేలో ప్రభుత్వం మారిపోయింది. ఇక్కడా మారింది, ఢిల్లీలోనూ మారింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రంతో రాయితీ ఒప్పందం కుదిరింది. 2005 మార్చి 16న సోనియా గాంధీ శంకుస్థాపన చేశారు. 2008 మార్చి 14న ఆమే ప్రారంభించారు. 23వ తేదీనుంచి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగి, శంషాబాద్‌లో దిగడం మొదలుపెట్టాయి. ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికి సరిపోయేలా కట్టిన ఆ టెర్మినల్‌ను ఇప్పుడు మూడు కోట్ల నలభై లక్షల మందికి సరిపడేలా పెంచారు. ఆ విస్తరణ పనులు చాలావరకు టీఆర్ఎస్ ఏలుబడిలో జరిగాయి.

ఈ వరుసలో ఒక జరగని పని ఉంది. 2004లో గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వం ఈ ప్రాజెక్టును మూలన పడేయలేదు. పడేయాలనుకుంటే సాకులకు కొదవ లేదు. ఇది ఓడిపోయిన ముఖ్యమంత్రి కల. అయిదు వేల ఎకరాలకు పైగా భూమి, వడ్డీ లేని 315 కోట్ల రూపాయల రుణం, 107 కోట్ల గ్రాంటు ఒక ప్రైవేటు భాగస్వామి నడిపే కంపెనీకి సమకూర్చే ఏర్పాటది. ఊళ్లను వదిలేసి హైటెక్ మోజులో పడ్డారన్న ఆగ్రహం మీద ఎన్నిక గెలిచినవాళ్లకు ఇంతకంటే మంచి అస్త్రం ఏముంటుంది? ఒక్క విచారణ సంఘం వేసి, ఒప్పందాలన్నీ తిరగదోడతామని ప్రకటిస్తే సొంత కార్యకర్తలు ఈలలు వేసేవారు. ఆ పని చేయకుండా, పాత ప్రభుత్వం రాసిపెట్టిన కాగితాలమీద కొత్త ప్రభుత్వం ముందుకు నడిచింది. నగరం నుంచి అక్కడికి చేరడానికి మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన కట్టింది. ఔటర్ రింగు రోడ్డు చేపట్టింది. ఆ 158 కిలోమీటర్ల రింగు చివరి ముక్క 2018లో టీఆర్ఎస్ హయాంలో పూర్తయింది. మన ఊళ్లలో ఒకరు చెరువు తవ్విస్తే ఇంకొకరు తూము కట్టించేవారు, మూడో తరంవారు గండి పూడ్పించేవారు. శంషాబాద్ కూడా అలాగే తయారైంది.

అయినా ఇందులో కలిసి చేసిన భాగాన్ని మనం మెచ్చుకోం. విడిపోయి కొట్టుకున్న భాగమే గుర్తుంటుంది. ఆ కొట్లాటకు పేరు ప్రధాన కారణమైంది. బేగంపేటలో అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ గాంధీ పేరు, దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు ఉండేవి. శంషాబాద్‌కు వచ్చేసరికి మొత్తం విమానాశ్రయానికి రాజీవ్ పేరు పెట్టారు. ఎన్టీఆర్ పేరు ఏమైందన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. అది 2014 నవంబరులో పెద్దదైంది. అప్పుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి తెలుగుదేశానికి చెందిన అశోక్ గజపతిరాజు. దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెట్టాలన్న నిర్ణయం ఢిల్లీ నుంచి వచ్చింది. రాష్ట్రం వేరుపడి ఆరు నెలలైనా కాలేదు. తెలంగాణ శాసనసభ ఆ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. రాజ్యసభలో కాంగ్రెస్ సభ్యులు సభను ముందుకు సాగనివ్వలేదు.

ఆ ఇద్దరు నాయకులూ గౌరవానికి అర్హులే. వారిపట్ల జనానికున్న అభిమానాన్నీ తక్కువ చేయనక్కరలేదు. కానీ శంషాబాద్‌లో విడివిడి టెర్మినళ్లు లేవు. దుబాయికి వెళ్లేవారూ, తిరుపతికి వెళ్లేవారూ ఒకే కప్పు కింద నిలబడతారు. ఆ కప్పు కింద ఏ రోజైనా కాసేపు నిలబడి చూడండి. జగిత్యాల వైపునుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన గల్ఫ్ కార్మికుడు పాస్‌పోర్టును మాటిమాటికీ జేబులో తడుముకుంటుంటాడు. అమెరికా వెళ్లే పిల్ల సూట్‌కేసు బరువు ఎక్కువైతే తల్లి నేలమీదే కూర్చుని, ఆవకాయ సీసా ఉంచాలా గోంగూర సీసా ఉంచాలా అని మూత తెరిచి సర్దుతుంటుంది. పుష్పక్ బస్సు దిగినవాళ్లు తొలిసారి విమానమెక్కే తల్లిదండ్రులకు గేటు దగ్గర ఏం చూపించాలో చెబుతుంటారు. వీళ్లలో ఎవరికీ ఆ క్షణాన ఏ టెర్మినల్‌కు ఎవరి పేరన్నది పట్టదు. వరుస తొందరగా కదలాలి, బయటికి వచ్చాక ఇంటికి చేర్చే బండి చార్జీ జేబుకు అందాలి. ప్రజాప్రయోజనం అంటే ఇంత మామూలు విషయాలే. ఇలాంటివాటి మీద పార్లమెంటు స్తంభించిన రోజు మనకు గుర్తులేదు.

పేర్ల గొడవలో ఏ పార్టీ నోటా రాని వాళ్లు మరికొందరున్నారు. ఆ భూములిచ్చిన రైతులు. అక్కడ రన్‌వే రాకముందు పొలాలుండేవి, బావులుండేవి, ఊళ్లుండేవి. ఎకరాకు వచ్చిన పరిహారానికీ, ఆ తర్వాత కొన్నేళ్లకే చుట్టుపక్కల పెరిగిన ధరకూ పొంతన లేదని ఆ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. ఆ నేల ఇచ్చినవాళ్లకు ఏం దక్కింది, వాళ్ల పిల్లలకు అక్కడ ఎలాంటి ఉద్యోగాలు దొరికాయి అన్న లెక్క రెండు జట్లకూ అక్కరకు రాదు. పార్టీ అభిమానం మన కళ్లను ఎంతగా కట్టిపడేస్తుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు. అవతలివాడి మంచిని చూడనివ్వకపోవడం దాని మొదటి దోషం. మన రెండు పార్టీలూ కలిసి మరిచిపోయిన మనిషిని చూడనివ్వకపోవడం అంతకంటే పెద్ద దోషం.

ఇప్పుడు అదే విమానాశ్రయానికి మెట్రో రైలు మాట నడుస్తోంది. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. అంచనా 6,250 కోట్లు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ పనిని నిలిపివేయించారు. గచ్చిబౌలి వైపు ఔటర్ రింగు రోడ్డు ఉండనే ఉంది, సామాన్యులు ఎక్కువగా ఉండే తూర్పు ప్రాంతాల మీదుగా, పాతబస్తీని కలుపుతూ మెట్రో వెళ్లాలన్నది కొత్త ప్రభుత్వం వాదన. నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా సుమారు 37 కిలోమీటర్ల కొత్త మార్గాన్ని రెండో దశలో చేర్చి, 2024లో మంత్రివర్గం ఆమోదించి, కేంద్రానికి పంపింది. రెండో దశ మొత్తం 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు.

దీన్ని కక్ష అని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు. పాతబస్తీ జనం తొలి దశలోనే రావలసిన మెట్రో కోసం ఏళ్లతరబడి ఎదురుచూశారు. ఎల్బీనగర్‌లో ఉండే చిరుద్యోగికి విమానాశ్రయం ఎంత దూరమో అక్కడివాళ్లకే తెలుసు. ఏ దారి ఎక్కువమందికి పనికొస్తుందని అడిగే హక్కు కొత్త ప్రభుత్వానికి తప్పకుండా ఉంది. ఆ ప్రశ్న అడగడానికే జనం ప్రభుత్వాలను మారుస్తారు. అలాగే ఐటీ కారిడార్‌లో పనిచేసే లక్షలమందికి నేరుగా రైలు ఉండాలన్న పాత ప్రభుత్వం ఆలోచనలోనూ సబబు ఉంది. రెండు దారుల్లో దేని ఖర్చెంత, దేనిలో ఎక్కేవారెందరు, మార్పువల్ల పోయే కాలం విలువెంత అన్నవి పక్కపక్కన పెట్టి శాసనసభలో ఒక పూట చర్చించి ఉంటే ఆ నిర్ణయానికి గౌరవం పెరిగేది. కానీ మనకు వినిపించింది ఎక్కువగా భూముల ధరలమీద పరస్పర ఆరోపణలు. మీవాళ్ల భూములకోసం ఆ దారి అని ఒకరు, మీవాళ్ల భూములకోసం ఈ దారి అని ఇంకొకరు. శంకుస్థాపన రాయి పడి ఏళ్లు గడుస్తున్నా ప్రయాణికుడు క్యాబ్ కోసం ఫోన్ చూసుకుంటూ ఉన్నచోటే ఉన్నాడు.

ప్రభుత్వం మారాక దారి మార్చడం ఎప్పుడు ప్రజాప్రయోజనం, ఎప్పుడు పార్టీ ప్రయోజనం అని తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న ఉంది. ఇదే పని మన పార్టీ మొదలుపెట్టి ఉంటే, ఇవే కారణాలతో ఆపేవాళ్లమా? జవాబు అవును అయితే ఆ మార్పు నిజాయతీగలది. జవాబు చెప్పడానికి గొంతు తడబడితే, అక్కడ పార్టీ మాట్లాడుతోందన్నమాట. ఈ ప్రశ్న నాయకులకే కాదు, వాళ్లకోసం వాదించే మనకూ వర్తిస్తుంది.

ఈ ప్రశ్న వేసుకోకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. 2015 అక్టోబరులో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగింది. 29 గ్రామాల రైతులు ముప్పైమూడు వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారింది. ఆ జూన్‌లోనే నదీ తీరంలో నిబంధనలకు విరుద్ధంగా కట్టారంటూ ప్రభుత్వ సమావేశ భవనమైన ప్రజావేదికను కూల్చారు. ఆపైన మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. పాత ప్రణాళికలో ప్రశ్నించదగినవి లేవని కాదు. ఒక్క చోటే అంత సంపద పోగుపడాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు దొరికేలోపు సగం లేచిన భవనాల చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి, భూములిచ్చిన ఆడవాళ్లు ఏళ్లతరబడి దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక పని తిరిగి మొదలైంది. ఆ అయిదేళ్ల మూల్యం ఏ పార్టీ ఖాతాలోనుంచీ పోలేదు. 2004లో హైదరాబాద్‌కు దక్కిన అదృష్టం 2019లో అమరావతికి దక్కలేదు.

పార్టీని దాటి చూడటం మన గడ్డకు కొత్తదేమీ కాదు. మెహిదీపట్నం నుంచి విమానాశ్రయానికి వెళ్లేవారు ఎక్కే పైవంతెన పి.వి.నరసింహారావు పేరున ఉంది. 1994లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ముందు కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం తెచ్చినప్పుడు, భారత ప్రతినిధి బృందానికి నాయకుడిగా ప్రధాని పి.వి. పంపింది ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని. గెలిస్తే పేరు ఎవరికి వస్తుందన్న లెక్క వేసుకున్న మనిషి చేసే పని కాదది. వాజపేయి కూడా ఇది ప్రభుత్వం గొడవ, నాకెందుకని అనలేదు. ఆ తీర్మానాన్ని పాకిస్తాన్ ఓటింగు దాకా తీసుకెళ్లలేక వెనక్కి తీసుకుంది.

అయిదేళ్ల తర్వాత ఆ వాజపేయి ప్రభుత్వమే లోక్‌సభలో విశ్వాస పరీక్షకు నిలిచింది. తేదీ 1999 ఏప్రిల్ 17. స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి.బాలయోగి. ఆయన పార్టీ తెలుగుదేశం ఆ రోజు వాజపేయి పక్షాన ఉంది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవికి రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదం లేచింది. ఆ నిర్ణయాన్ని బాలయోగి గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ తీర్పు సరైనదా కాదా అన్నది రాజ్యాంగ నిపుణులు ఇప్పటికీ వాదించుకోవచ్చు. తన పార్టీకి నష్టమని తెలిసి కూడా ఒక ఓటును అడ్డుకోని ఆ మనిషి తీరు మాత్రం మన అసెంబ్లీల్లో కూర్చునే ప్రతి స్పీకరూ గుర్తుంచుకోదగినది. ఇంకా వెనక్కి వెళితే నీలం సంజీవరెడ్డి ఉన్నారు. 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైనప్పుడు, ఈ కుర్చీ సభ అందరిదీ అని చెప్పి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఎవరూ అడగని రాజీనామా అది. పార్టీమీద ప్రేమ లేక చేసినది కూడా కాదు. మూడు దశాబ్దాలకు పైగా ఆ పార్టీలో ఉన్నవారాయన.

పార్టీ విధేయత చెడ్డదని చెప్పడం ఈ మాటల ఉద్దేశం కాదు. పార్టీ లేనిదే ప్రజాస్వామ్యం నడవదు. జెండా మోసేవాడు లేకపోతే పేదవాడి సమస్య అసెంబ్లీ దాకా చేరదు. నమ్మిన పార్టీ ఓడిపోయినా వదలకుండా, కేసులు పెట్టించుకుని, సొంత డబ్బుతో గోడలకు రంగులు వేసే కార్యకర్త ఎంతో విలువైన మనిషి. విధేయత బొత్తిగా లేకపోతే వచ్చే తెగులు కూడా మనకు తెలుసు. శంషాబాద్ ఉన్న రాజేంద్రనగర్ నియోజకవర్గంలో 2009, 2014లో తెలుగుదేశం గుర్తుమీద గెలిచిన ఎమ్మెల్యేనే 2018లో టీఆర్ఎస్, 2023లో పేరు మారిన అదే పార్టీ బీఆర్ఎస్ గుర్తుమీద గెలిచారు. తెలంగాణలో 2016లో తెలుగుదేశం శాసనసభాపక్షం, 2019లో కాంగ్రెస్ శాసనసభాపక్షం టీఆర్ఎస్‌లో విలీనమయ్యాయి. 2023 తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు పదిమంది కాంగ్రెస్‌లోకి ఫిరాయించారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌ను ఆదేశించవలసి వచ్చింది. నిన్న ఇతరులది ‘గోడ దూకుడు’ అన్నవాళ్లే నేడు తమదైతే ‘అభివృద్ధికోసం’ అంటున్నారు. వ్యక్తులు మారతారు గానీ ఆ మాట మారదు.

రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1985లో తెచ్చిన ఫిరాయింపు నిరోధక చట్టం ఈ జాడ్యాన్ని ఆపాలని చూసింది. ఆచరణలో అది తలకిందులైంది. పదవికోసం పార్టీ మారేవాడికి విలీనమనో, స్పీకర్ దగ్గర జాప్యమనో ఏదో ఒక దారి దొరుకుతోంది. ఒక బిల్లు తన నియోజకవర్గానికి చేటని నమ్మి, పార్టీలోనే ఉంటూ విప్‌ను కాదని ఓటేసే సభ్యుడికి మాత్రం సభ్యత్వం పోతుంది. పార్టీని వదిలేసినవాడు నిలుస్తున్నాడు, పార్టీలో ఉండి నిజం చెప్పేవాడు పోతున్నాడు. ప్రభుత్వం పడిపోయే ప్రమాదం లేని బిల్లులపైన, ప్రభుత్వ మనుగడకు సంబంధించని ప్రశ్నలపైన సభ్యులు స్వేచ్ఛగా ఓటేసేలా విప్‌ను కుదించాలన్న సూచన ఎన్నాళ్లనుంచో ఉంది. దాన్ని ఏ పార్టీ చెవికెక్కించుకోలేదు. ఇక్కడ అన్ని పార్టీలదీ ఒకటే ప్రయోజనం.

అందుకే పార్టీలన్నీ ఒక్క మాటమీద ఉంటే ప్రజలకు మేలు జరిగిపోతుందని కూడా అనుకోలేం. శంషాబాద్ పక్కనే హిమాయత్‌సాగర్ ఉంది. 1908 మూసీ వరదల తర్వాత, మళ్లీ అలాంటి ఉత్పాతం రాకుండా కట్టిన జంట జలాశయాల్లో అదొకటి. వాటి రక్షణకు 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాలమీద ఆంక్షలు పెట్టింది. ఆ గ్రామాల రైతులకు తమ భూమి విలువ కట్టుబడిపోయిందన్న బాధ ఉంది. అది నిజమైన బాధ, తీర్చవలసిన బాధ. కానీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ జీవో ఎత్తేస్తామన్న హామీలో పార్టీలు పోటీపడ్డాయి. 2022లో ఆంక్షలను సడలించారు. ఆ చెరువు నీటికి, వరదల్లో దిగువన మునిగే బస్తీలకు ఓటింగు రోజున ఎవరూ బాధ్యత పడలేదు. పార్టీల మధ్య పోట్లాట ఎంత ప్రమాదమో, ప్రజల పక్షాన ఒక్కరూ లేని ఏకాభిప్రాయం కూడా అంతే ప్రమాదం. రెండింటికీ విరుగుడు ఒకటే. కావలసింది తన పార్టీలోనే ఉంటూ, తన పార్టీకే అడ్డంగా నిలబడి, ఇది తప్పని చెప్పగలిగిన మనిషి.

అలాంటి మనిషికి మనం చోటిస్తున్నామా? 2024 మార్చి 4న ఆదిలాబాద్ సభలో రేవంత్ రెడ్డి ప్రధానిని పెద్దన్న వంటివారని సంబోధించి, కేంద్రంతో కయ్యం రాష్ట్రానికి మంచిది కాదన్నారు. రాజకీయంగా ఆయన మోదీకి ఎంత వ్యతిరేకో అందరికీ తెలుసు. అయినా ఆ ఒక్క మాటకు ఎన్ని అనుమానాలు, ఎన్ని వెక్కిరింతలు! అంతకు రెండేళ్ల ముందు ప్రధాని హైదరాబాద్ వచ్చినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వాగతానికి వెళ్లకపోతే అదొక రభస. దానికి ముందు 2020 నవంబరులో ప్రధాని వ్యాక్సిన్ తయారీ చూడటానికి వచ్చినప్పుడు ముఖ్యమంత్రి రానవసరం లేదని ఢిల్లీనుంచే కబురు వచ్చిందని మరో రభస. విమానం దిగిన అతిథికి ఎదురెళ్లడం, ఎదురుచెప్పవలసిన చోట ఎదురుచెప్పడం రెండూ ఒకే మనిషి చేయగలిగినవే. చేయలేనట్టు వాళ్లను తయారుచేస్తున్నది మన చప్పట్లూ, మన తిట్లూ.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. పాత ప్రభుత్వం పనిని ఆపినా, మార్చినా, కొత్త ప్రభుత్వం ఆరు నెలల్లోగా కారణాలనూ, రెండు పద్ధతుల ఖర్చునూ, జాప్యం వల్ల కలిగే నష్టాన్నీ రాతపూర్వకంగా శాసనసభ ముందు పెట్టాలి. ప్రతిపక్షం దానికి జవాబు కూడా రాతపూర్వకంగానే ఇవ్వాలి. పెద్ద పనుల ప్రారంభోత్సవానికి అంతకుముందు ఆ పనిమీద సంతకం చేసిన ముఖ్యమంత్రులను పిలవాలి, పిలిచినవారు వెళ్లాలి. శిలాఫలకం మీద రిబ్బను కత్తిరించినవారి పేరుతోపాటు ఆలోచించిన, కట్టిన ప్రభుత్వాల పేర్లు, భూములిచ్చిన గ్రామాల పేర్లు చెక్కాలి. ఆ చివరి పని శంషాబాద్‌లో ఇప్పుడైనా చేయవచ్చు. అందుకు ఏ పార్టీ అనుమతీ అక్కరలేదు, ఏ నాయకుడి పేరూ తీసేయనక్కరలేదు.

మనవంతుగా చేయగలిగింది ఇంకా చిన్నది, ఇంకా కష్టమైనది. ఈసారి ఆ వాదన మొదలైనప్పుడు, మీరు తెలుగుదేశం అభిమాని అయితే వైఎస్ ప్రభుత్వం ఈ ప్రాజెక్టును ఆపకుండా పూర్తిచేసిందని మీరే ముందు చెప్పండి. మీరు కాంగ్రెస్ అభిమాని అయితే దానికి దారి వేసింది చంద్రబాబు ప్రభుత్వమని మీరే చెప్పండి. బీఆర్ఎస్‌వారు, బీజేపీవారు కూడా తమకు నచ్చని ప్రభుత్వం చేసిన ఒక మంచి పనిని పేరుపెట్టి మెచ్చుకోండి. తర్వాత మీ పార్టీ చేసిన ఒక తప్పును కూడా అంతే స్పష్టంగా చెప్పండి. దీనివల్ల మీ ఓటు మారనక్కరలేదు, మీ జెండా దించనక్కరలేదు. అభిమానులు ఆ మాట అనగలిగితే, నాయకులకు ఎదుటి పార్టీ మొదలుపెట్టిన పనిని పూర్తిచేసే ధైర్యం వస్తుంది.